రెండో దండం

జనవరి 13

ముందే చెబుతున్నాను, నా రాత బాగుండదు. తప్పులుంటాయి. నాలుగో తరగతి మధ్యలో మా నాన్న బడి మాన్పించాడు. ఆ తర్వాత మళ్ళీ పెన్సిల్ పట్టుకోవడం ఇదే. గీత మీద మొదలుపెట్టిన అక్షరం గీత కిందికి జారిపోతోంది. చదివేవాళ్ళు మన్నించాలి. చదివేవాళ్ళెవరూ ఉండరు. అయినా మన్నించాలి.

నోటుబుక్కు మారిట్ వదిన ఇచ్చింది. నిన్న సాయంత్రం పడవ దిగింది, నార్వే నుంచి. అందరికీ ఏదో ఒకటి తెచ్చింది. ఆయనకి ఉన్ని టోపీ, అత్తయ్యకి గోధుమరంగు జున్ను దిమ్మ, నాకు ఇది. అట్ట మీద ఎర్ర పూలున్నాయి. "మీరు వ్రాయుదురు కదా?" అంది. తల ఊపాను.

జున్నుని అత్తయ్య సబ్బనుకుంది. "తినేదే అమ్మా" అని ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. అత్తయ్య చిన్న ముక్క నాలిక మీద పెట్టుకుని, వదిన చూస్తుండగానే చేతిలోకి ఉమ్మేసింది. మిగతా దిమ్మంతా గుమ్మం అవతల కుక్కకి పడేసింది. "సబ్బే నయం" అంది.

కుక్క ఇష్టంగా తింది. వదిన నవ్వింది. హాస్యం తనకి కూడా అర్థమైందని చూపించడానికి నవ్వినట్టుంది.

జనవరి 14

రాయకూడనిది రాస్తున్నాను. మారిట్ వదిన అత్తయ్య కన్నకూతురు. ఆ సంగతి వదినకి తెలీదు.

చలికాలం మొదట్లో, సియోల్లో పిల్లల్ని పెంపకానికిచ్చే ఆఫీసు నుంచి ఉత్తరం వస్తే ఊరిపెద్ద అందరి ముందూ చదివాడు. నాలుగేళ్ళప్పుడు విమానం ఎక్కించి పరదేశం పంపేసిన పిల్ల ఇప్పుడు తన వాళ్ళని వెతుక్కుంటోంది, అప్పగించిన మనిషిగా కాగితాల్లో మా మామగారి పేరుంది అని. మామగారు పోయి చాలాకాలమైంది. అందరూ అత్తయ్య వంక తిరిగారు. అత్తయ్య చంకలో సముద్రపు నాచు బుట్ట దించకుండానే, "అది మా ఆడబిడ్డ కన్న పిల్ల" అంది.

మామగారి చెల్లెలు పెళ్ళి కాకుండానే పోయింది. కొండ మీద ఆమె సమాధి ఉంది.

పక్కింటి హేనామ్ పిన్ని ఊరుకోలేదు. (హేనామ్ నుంచి కోడలిగా వచ్చింది కనక ముసలిదైనా అందరికీ హేనామ్ పిన్నే.) "ఆ పిల్లా? తలెత్తి మగాడి మొహం చూసి ఎరగదు కదమ్మా!" అంది.

"మేం ఈ ఊరికి రాకముందు సంగతిలే. చచ్చినదాని పరువు పోకూడదని ఇన్నాళ్ళూ నోరు కట్టుకున్నాను. ఇప్పుడు మీరే తవ్వించారు" అని అత్తయ్య లంగా అంచుతో కళ్ళొత్తుకుంది. అందరూ అయ్యో అన్నారు.

ఇంటికొచ్చాక వంటింట్లో నాతో, "నువ్వేం మాట్లాడక్కర్లేదు. ఎవరైనా అడిగితే తల ఊపు. నీకొచ్చిన విద్య అదొక్కటేగా" అంది.

ఆయన వల సర్దుకుంటూ అసలు సంగతి చెప్పాడు. "అది మా అక్కే. నేను పాలు తాగేటప్పుడు పంపేశారంట. నీ నోట్లోంచి ఊడిపడిందో, పుట్టింటికి పంపేస్తా. పడవ కూడా ఎక్కించను, ఈదుకుంటూ పో." సరదాకే అన్నాడు. ఆయన మంచివాడు.

జనవరి 15

అన్నాల దగ్గర వదిన నోరు విప్పితే చాలు, ఆయన తినడం మానేసి వింటాడు. ఆమె మన భాషని పుస్తకాల్లోంచి నేర్చుకుంది. అవి కూడా మా తాతల నాటి పుస్తకాలట.

"ఈ ముల్లంగి పచ్చడి మిక్కిలి రుచికరముగా నున్నది అత్తా. మీ హస్తములు ధన్యములు."

హేనామ్ పిన్నికి తాగుతున్న గంజి ముక్కులోకి పోయింది. "రాణివాసం నుంచి నేరుగా మా ఇంటికే దిగిందమ్మా!"

"దొరసాని గారూ, కిమ్చీ ఇటు ప్రసాదించుదురా?" అన్నాడు ఆయన.

వదిన పచ్చడి గిన్నె రెండు చేతుల్తో అందించి "స్వీకరింపుడు" అంది. ఇంకా నవ్వారు. వదిన కూడా నవ్వింది. చెవులు ఎర్రబడ్డాయి. నేనూ నవ్వాను. అందరూ నవ్వుతుంటే ఒక్కదాన్నీ నవ్వకపోతే బాగుండదు.

అత్తయ్య చేపకి ముల్లు తీసి, వేలితో నొక్కి చూసి, ముక్కలు అన్నాల మీద పెట్టింది. ఆయనకి పొట్ట దగ్గర ముక్క, పిన్నికి నడుం ముక్క. నాకు తోక. అయినా పెట్టింది. కడుపుతో ఉన్నదాన్ని కదా.

జనవరి 16

వదినని సమాధి దగ్గరికి తీసుకెళ్ళాను. అత్తయ్య మోకాళ్ళు నొప్పులంది. పొద్దున్నే సముద్రంలో దిగి నాచు కోసినప్పుడు మోకాళ్ళు బాగానే ఉన్నాయి.

మట్టి దిబ్బ మీద మంచు పేరుకుంది. వదిన సంచిలోంచి సారా సీసా, ఎండుచేప, ఒక ఆపిల్ పండు తీసింది. దిబ్బ చుట్టూ సారా ఎలా పొయ్యాలో కూడా తెలుసు ఆమెకి.

"ఎవరు నేర్పారు వదినా?"

"పుస్తకములు. బ్రతికి యున్నవారికి ఒక్క దండము. గతించినవారికి రెండు. నేను పొరబడలేదు కదా?"

పొరబడలేదు. మాకు ఇది అమ్మమ్మలు నేర్పుతారు. మోకాళ్ళు ముందు ఆనించి, చేతులు నేల మీద పెట్టి, చేతుల మీద నుదురు ఆనించాలి. మొదటిసారి త్వరగా లేచింది. రెండోసారి చాలాసేపు లేవలేదు. లేచాక ఆఖరున నిలబడి సగం వంగింది. పోయినవాళ్ళకి అలా కూడా వంగాలి. అదీ తెలుసు.

నుదుటి మీద మంచు అలాగే ఉంది. "ఆమె నన్ను పోలియుండెనా?" అని అడిగింది.

నేను ఆ మనిషిని ఎప్పుడూ చూడలేదు. తల ఊపాను. అబద్ధం చెప్పలేదు. తల ఊపాను, అంతే.

జనవరి 19

మధ్యాహ్నాలు నాచు రేకులు ఎండకి ఆరబెట్టాక కాసేపు తీరిక ఉంటుంది. ఆ కాసేపూ వదిన నన్ను కొట్టుగదిలోకి లాక్కెళ్ళి పుస్తకం చదివించుకుంటుంది. సంచి నిండా మనవాళ్ళు రాసిన నవలలే.

"నాకు సరిగ్గా చదవడం రాదు వదినా. నాలుగో తరగతి."

"మీ గొంతులో ఈ దీవి యున్నది. నాకు అది కావలెను."

వేలు పెట్టుకుని ఒక్కో మాటా కూడబలుక్కుని చదువుతాను. ఆమె కళ్ళు మూసుకుని వింటుంది. అర్థం కాని మాట వస్తే నేను చెబుతాను. నాకు అర్థం కానిది వస్తే ఆమె చెబుతుంది. మా ఇద్దరికీ అర్థం కానిది వస్తే దాటేస్తాం.

ఇప్పుడు చదువుతున్నది ఒక పడవవాడి పెళ్ళాం కథ. కరువులో కూతుర్ని నది అవతల పెద్దింట్లో పనికి పెడుతుంది. చలికాలం నది గడ్డకట్టగానే ఉడికిన దుంప రొమ్ముల మధ్య దాచుకుని మంచు మీద నడిచి వెళ్తుంది. పిల్ల చేతికిచ్చేసరికి దుంప ఇంకా వెచ్చగానే ఉంటుంది. అమ్మ ఒళ్ళు మాత్రం కాలి ఉంటుంది.

వదిన తన సంగతి చెప్పింది. ఆమె మాటల్లో రాస్తే నాకు తప్పులొస్తాయి, నా మాటల్లో రాస్తాను. ఆమె పెరిగిన ఊళ్ళో అందరూ గడ్డిరంగు జుట్టువాళ్ళే. పెంచినవాళ్ళు మంచివాళ్ళట. బడిలో పిల్లలు ఆమెని చూసి వేళ్ళతో కళ్ళు పక్కకి లాక్కుని చూపించేవాళ్ళట. అద్దంలో కనిపించేది ఎవరి మొహమో తెలిసేది కాదట. పందొమ్మిదేళ్ళప్పుడు లైబ్రరీలో మనవాళ్ళ నవల ఒకటి వాళ్ళ భాషలో దొరికింది. అందులో ఒకామె పొయ్యి వేడి తగిలే నేల మీద పిల్లని పడుకోబెడుతుంది. ఆ వాక్యం చదవగానే వదినకి వీపు వేడెక్కిందట. పుస్తకం మూసి లైబ్రరీ నేల మీద వెల్లకిలా పడుకుందట. నేల చల్లగా ఉంది. లైబ్రరీ ఆవిడ ఏమైందోనని పరిగెత్తుకొచ్చింది.

అప్పట్నుంచి ఎక్కడ దొరికితే అక్కడ మనవాళ్ళ పుస్తకాలే చదివింది. మన అక్షరాలు కూడా నేర్చుకుంది. ఒక పుస్తకంలో అమ్మ చేతులు తీసుకుంది, ఇంకోదాంట్లో అమ్మ కేకలు, ఇంకోదాంట్లో అమ్మ ఏడుపు. అన్నీ కలిపి తనకో అమ్మని కుట్టుకుంది.

"పుస్తకాల్లో అమ్మలందరూ ఎందుకేడుస్తారు వదినా?" అని అడిగాను.

"మీ ఊరిలో ఏడ్వరా?"

తర్వాతి పేజీ చదివాను.

జనవరి 20

చేతులు పగిలాయి. రాయలేను.

జనవరి 23

వదిన కూడా నాచు పనికి వచ్చింది. చన్నీళ్ళలో నాచు కడగడం, తరగడం, చట్రంలో పలచగా పరవడం. మధ్యాహ్నానికి ఆమె వేళ్ళు చిట్లాయి.

"ఆ చేతులు తియ్. రేకుకి రక్తం అంటితే ఎవడు తింటాడు?" అంది అత్తయ్య.

"క్షమింపుడు అత్తా."

"పెళ్ళెందుకు కాలేదు నీకు? అక్కడ మగాళ్ళు లేరా? కళ్ళు లేవా వాళ్ళకి?"

"ఒకడు ఉండెను. వెడలిపోయెను."

"తెలివైనవాడు" అంది అత్తయ్య. ఆయన గట్టిగా నవ్వాడు.

పోస్టుమాన్ వస్తే అత్తయ్య అన్నానికి కూర్చోబెట్టింది. వద్దు వద్దంటున్నా ఎండు రొయ్యలు, చేపముక్క అతని అన్నం మీద కుప్పగా పెట్టింది. "తిను నాయనా, చలిలో తిరుగుతావు. మీ అమ్మ చూస్తే ఏడుస్తుంది." మా అత్తయ్య చెయ్యి పెద్దదని ఊళ్ళో పేరు.

వదిన తన అన్నం వంక చూసుకుంటూ కూర్చుంది. ఆకలి లేదేమో అనుకున్నాను.

జనవరి 25

ఈ రోజు ఏమీ జరగలేదు.

జనవరి 26

నిన్న ఏమీ జరగలేదని రాశాను. జరిగింది.

పుస్తకంలో పడవవాడి పెళ్ళాం ఇంటికి ఒక బిచ్చగత్తె వస్తుంది. ఇంట్లో ఉన్న ఒక్క చేపలో ముక్క తుంచి ఆమె అన్నం మీద పెడుతుంది. అక్కడిదాకా చదివేసరికి వదిన నా వేలు మీద చెయ్యి పెట్టి ఆపింది.

"ప్రతి పుస్తకములోను ఇది యున్నది మరదలా. ఇంటికి ఎవరు వచ్చినను ఇల్లాలు వారి అన్నము మీద కూర పెట్టును. శత్రువునకైనను పెట్టును. అత్త పోస్టుమానునకు పెట్టెను. మీకు పెట్టును. ఆ పిన్నికి పెట్టును."

నేను పుస్తకం వంకే చూస్తున్నాను.

"నాకు ఒక్కనాడును పెట్టలేదు. ముక్క పట్టుకొని చేయి నా వైపు వచ్చును. ఆగును. వెనుకకు పోవును. మేనకోడలికి ముక్క పెట్టుటకు ఎవరు భయపడుదురు?"

గదిలో నాచు వాసన. బయట హేనామ్ పిన్ని ఎవర్నో తిడుతోంది.

"ఆమె నా తల్లియా?"

నేనేమీ చెప్పలేదు. ఆగిన మాట మీదే వేలు ఉంచాను, అంతే. తల కూడా ఊపలేదు. తల ఊపనందుకు ఎవరూ నన్నేమీ అనలేరు. ఊపకపోవడం చెప్పడం కాదు.

వదిన నా చేతిలోంచి పుస్తకం తీసుకుని పేజీ మడత పెట్టకుండా మూసేసింది.

జనవరి 28

ధైర్యం చేశాను. పాకలో నాచు తరుగుతుంటే, "చెప్పేయండి అత్తయ్యా. పాపం ఆమె అంత దూరం నుంచి" అన్నాను. అంతవరకే అనగలిగాను.

అత్తయ్య కత్తి ఆపలేదు. రెండు కత్తులు రెండు చేతుల్లో టకటకమంటూనే ఉన్నాయి.

"ఏం చెప్పాలే?"

"మీరేనని."

"దానికి నాలుగేళ్ళు అమ్మనయ్యాను. చాలదా? అప్పుడు నీ మొగుడు చంటివాడు, పాలు చాలేవి కావు. ఇంట్లో గంజి లేదు. మంత్రగత్తె వచ్చి, ఈ పిల్ల నక్షత్రం పిల్లాణ్ణి మింగుతుందంది. ఏది నిజమో ఇప్పుడు నాకే గుర్తులేదు. రేవులో దాని చెయ్యి మీ మామ చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి వచ్చేశాను. ఆ ఏడాదంతా ఏడ్చాను. ఉన్న పాలు కూడా ఎండిపోయాయి. వీడు చావబోయి బతికాడు. ఇప్పుడు అది వచ్చి నవల్లో అమ్మలా ఏడవమంటే? నా దగ్గర రెండో ఏడుపు లేదు."

"ఒక్క మాట చాలు అత్తయ్యా."

"ఒక్క మాట చెబితే దానికి ఎన్నో మాటలు కావాలి. ఎందుకు పంపావు అంటుంది. నన్నెందుకు, వాణ్ణెందుకు కాదు అంటుంది. దానికి జవాబు నువ్వు చెబుతావా?" కత్తి నా కడుపు వైపు చూపించింది. "నీకు ఆడది పుట్టనీ. అప్పుడొచ్చి నాకు నీతులు చెప్పు."

జనవరి 30

వదిన చదవమని పిలవడం లేదు. కొట్టుగది తలుపు దగ్గర రెండుసార్లు నిలబడ్డాను, పనున్నట్టు.

ఫిబ్రవరి 3

వదిన భాష మారిపోయింది. మాలాగే మాట్లాడుతోంది. ఎప్పుడు నేర్చుకుందో తెలీదు, పాకలో కూర్చుని మా నోళ్ళలోంచి ఏరుకున్నట్టుంది. పొద్దున ఆయన "దొరసాని గారూ, ఉప్పు ప్రసాదించుదురా?" అంటే, "చేతులు పడిపోయాయా? లేచి తీసుకో" అంది. ఆయనకి నవ్వు రాలేదు. అత్తయ్య తల ఎత్తి చూసింది. అచ్చం అత్తయ్య గొంతే.

మధ్యాహ్నం ఒక్కతే కొండ మీదికి వెళ్తుంటే వెనకే వెళ్ళాను. సమాధి మీద ఎండుటాకులు తీసింది. దండం పెట్టలేదు.

"ఈమె పేరేంటి?"

చెప్పాను.

"పెళ్ళి కూడా కాలేదు పాపం. పోయాక పిల్లని అంటగట్టారు. కాదనడానికి నోరు లేదు." నా వంక చూసింది. "నీలాగే."

నిజమే అన్నట్టు తల ఊపబోయి ఆగాను.

ఫిబ్రవరి 6

చంద్రుడి లెక్క ప్రకారం కొత్త సంవత్సరం. ఈ ఏడు సర్కారు వాళ్ళు కూడా సెలవిచ్చారు. తెల్లారగట్లే పెద్దలకి పూజ, తర్వాత బియ్యపు పిండి ముక్కల పులుసు. తర్వాత దండాలు.

వదిన నా పెళ్ళి బట్టలు అడిగి కట్టుకుంది. గులాబీరంగు లంగా, పచ్చ రవిక. నాకంటే పొడుగు కనక చీలమండలు కనిపించాయి. జుట్టు పాపిడి తీసి నున్నగా దువ్వుకుంది. హేనామ్ పిన్ని చూసి "నీ మొహం మండ, అచ్చం..." అని ఆగిపోయింది. అత్తయ్య వంక చూసి, "అచ్చం మన పిల్లలాగే ఉందమ్మా" అని సర్దేసింది.

అత్తయ్య నేల వెచ్చగా ఉండే చోట మెత్త మీద కూర్చుంది. ఆయన, నేను దండం పెట్టాం. పక్కవాళ్ళు, వాళ్ళ పిల్లలు వరసగా పెట్టారు. వదిన గోడ వారగా నిలబడి, గది నిండేదాకా ఆగింది. తర్వాత ముందుకొచ్చింది.

మోకాళ్ళు వంచింది. చేతులు ఆనించింది. నుదురు ఆనించింది.

"చూశారా, పరదేశి అయినా ఎంత నీటుగా చేసిందో!" అన్నారెవరో.

అత్తయ్య దీవెన మొదలుపెట్టింది. "ఈ ఏడైనా ఒక మంచి మగాడు..."

వదిన లేచి నిలబడింది. లంగా సర్దుకుంది. మళ్ళీ మోకాళ్ళు వంచింది. చేతులు. నుదురు. ఈసారి చాలాసేపు లేవలేదు. చిన్నపిల్లల నోళ్ళు కూడా ఆగిపోయాయి. లేచి, ఆఖరున నిలబడి సగం వంగింది.

అప్పుడు అత్తయ్య కళ్ళలోకి చూసింది.

"అమ్మో! చచ్చినవాళ్ళకి పెట్టినట్టు పెట్టిందేంటే! పండగపూట!" అని హేనామ్ పిన్ని గుండె మీద చెయ్యేసుకుంది.

అత్తయ్య పెదవులు తెల్లబడ్డాయి. చేతులు ఒళ్ళో ఉన్నవి ఉన్నట్టే ఉండిపోయాయి. ఆయన పిడికిలి బిగించి ఒక అడుగు వేశాడు.

నా నోరు ఎలా తెరుచుకుందో నాకు తెలీదు. "నేనే తప్పు నేర్పాను. రెండు పెట్టాలని నేనే చెప్పాను" అన్నాను.

గదంతా నవ్వు. ఆయన నా నెత్తి మీద ఒక్కటిచ్చాడు. "నాలుగో తరగతి పంతులమ్మ! ఇంకా నయం, మా అమ్మకి పాడె కట్టమని చెప్పలేదు!" అందరికంటే గట్టిగా అత్తయ్య నవ్వింది. దగ్గొచ్చేదాకా నవ్వింది.

వదిన ఒక్కతే నవ్వలేదు. నా వంక చూసింది. ఆ చూపు గురించి రాయను.

ఫిబ్రవరి 8

వదిన వెళ్ళిపోయింది. సంచి నేనే రేవుదాకా మోశాను. అత్తయ్య గుమ్మం దాటి రాలేదు. మోకాళ్ళ నొప్పులట.

పడవ వచ్చాక వదిన అంది, "నన్ను కాపాడాననుకుంటున్నావు కదూ."

"మా ఆయన కొట్టేవాడు వదినా. పండగపూట..."

"కొట్టనివ్వాల్సింది. అన్నేళ్ళు పుస్తకాలు చదివి చదివి, నేనామెకి చెప్పగలిగింది ఆ ఒక్క మాట. నా నోట్లోంచి రాగానే తుడిచేశావు. ఇప్పుడు నేనామెకి తెలివితక్కువ పరదేశిని. రాత్రి హాయిగా నిద్రపోయింది, గురక విన్నాను."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. పడవవాడి పెళ్ళాం పుస్తకం నా చేతిలో పెట్టింది. "చివర్లో ఏమవుతుందో నాకు తెలుసు. నువ్వు చదువుకో."

వెళ్ళొస్తానని అనలేదు. "పోతున్నాను మరదలా" అంది.

ఫిబ్రవరి 10

అత్తయ్య వంటింట్లోకి వచ్చి ఊరికే నిలబడింది. "నువ్వే కదూ తప్పు నేర్పింది?"

"నేనే అత్తయ్యా."

"మొద్దు మొహం" అంది. సంతోషంగా ఉంది.

ఫిబ్రవరి 12

మళ్ళీ అడిగింది. నేనే అన్నాను.

ఫిబ్రవరి 15

నాచు పరుస్తుంటే మళ్ళీ. "దానికి నిజంగా తెలీదు కదూ? పుస్తకాల్లో అలాంటివి రాయరు కదూ?"

"రాయరు అత్తయ్యా."

ఆయన పడవవాడి పెళ్ళాం పుస్తకం చూసి, "దీంతో పొయ్యి బాగా రాజుకుంటుంది" అన్నాడు. సరదాకే. దాన్ని బియ్యం జాడీ కిందికి మార్చాను. ఆయన మంచివాడేనని ఇంతకు ముందు రాశాను.

ఫిబ్రవరి 19

మంత్రగత్తె వచ్చింది. నా కడుపు మీద చెయ్యి పెట్టి ఆడపిల్ల అంది.

ఆయన బయటికెళ్ళిపోయాడు. అత్తయ్య మాత్రం కోప్పడలేదు. పాకలో నా పక్కనే కూర్చుని, కత్తులు నూరుకుంటూ మామూలుగా అంది. "దిగులు పడకు. సియోల్‌కి ఒక ఉత్తరం ముక్క రాయిస్తే ఆ ఆఫీసువాళ్ళే వచ్చి తీసుకెళ్తారు. చూశావుగా, ఎంత బాగా పెంచుతారో. చదువుకుంటుంది, విమానాల్లో తిరుగుతుంది. ఇరవై ఏళ్ళకి జున్ను తీసుకుని నిన్ను చూడ్డానికి వస్తుంది."

తనే నవ్వుకుంది. కాసేపయ్యాక, అలవాటుగా, "నువ్వే కదూ దానికి తప్పు నేర్పింది?" అంది.

"కాదు అత్తయ్యా."

కత్తి ఆగింది.

"నేనేమీ నేర్పలేదు. వచ్చిన కొత్తలోనే సమాధి దగ్గర ఆమే నాకు చెప్పింది. బతికున్నవాళ్ళకి ఒక్క దండం, పోయినవాళ్ళకి రెండు, ఆఖరున సగం వంగాలి. ఏదీ పొరబడలేదు. మీరెవరో కూడా తెలుసు. మీరు అందరి అన్నం మీదా ముక్క పెట్టి, ఆమెకి పెట్టనప్పుడే తెలుసుకుంది. తెలిసే పెట్టింది మీకు రెండో దండం."

పెళ్ళయ్యాక ఈ ఇంట్లో నేను ఒక్క బిగిన ఇన్ని మాటలు అనడం ఇదే మొదలు.

అత్తయ్య కొట్టలేదు. తరిగిన నాచునే మళ్ళీ తరిగింది. గుజ్జయ్యేదాకా తరిగింది.

ఫిబ్రవరి 20

పొద్దున అన్నాల దగ్గర మేం ముగ్గురమే. అత్తయ్య చేపకి ముల్లు తీసింది. వేలితో నొక్కి చూసింది, ఇంకా ముల్లుందేమోనని. మళ్ళీ నొక్కి చూసింది. ఆ ముక్క తినే పుల్లలతో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ఇటు పెట్టమ్మా" అని ఆయన గిన్నె ముందుకు జరిపాడు.

ఆయనకి పెట్టలేదు. నాకు పెట్టలేదు. చెయ్యి చాచి, బల్లకి అటు పక్క, వదిన కూర్చునే చోట, ఉత్త చెక్క మీద పెట్టింది. పెట్టి దాని వంకే చూస్తూ కూర్చుంది. మొహం అంతా ముడుచుకుంది. ఏడుపేమోనని చూశాను. నీళ్ళు రాలేదు. రెండో ఏడుపు లేదని ముందే చెప్పింది కదా.

"పిచ్చెక్కిందా?" అన్నాడు ఆయన.

గిన్నెలు తీసేశాక నేను బల్ల తుడిచాను. ముక్క ఇంకా అక్కడే ఉంది. పొట్ట దగ్గర ముక్క, ఒక్క ముల్లు కూడా లేదు. అత్తయ్య గుమ్మంలో నిలబడి నా చేతి వంక చూస్తోంది. నేను దాన్ని కుక్కకి పడేశాను.

ఇష్టంగా తింది.

ఈ నోటుబుక్కు ఎవరికైనా దొరికితే, అక్షరం ముక్క చదవకుండా పొయ్యిలో వేసేయండి. నేనే వేద్దామని పొయ్యి ముందు కూర్చున్నాను, చెయ్యి రాలేదు. మీరు వేసేయండి, మీకు పుణ్యముంటుంది. బియ్యం జాడీ కింద ఉన్న పుస్తకాన్ని మాత్రం ముట్టుకోకండి. పడవవాడి పెళ్ళాం మళ్ళీ మంచు మీద బయల్దేరింది. నది కరగడం మొదలైంది. నేను ఇంకా అక్కడిదాకానే చదివాను.